నోరు తెరిపించిన విశ్వాసం

(ఒక మండల కేంద్రంలో దళిత యువతీ యువకుల కోసం జరిగిన అధ్యయన తరగతుల్లో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

ఆరాధన ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు.

నాకిచ్చిన విషయం 'క్రైస్తవ విశ్వాసం - ఆత్మవిశ్వాసం'. ఈ విషయం పెట్టాలా వొద్దా అని నిర్వాహకుల్లోనే వాదులాట జరిగిందని విన్నాను. మతం జోలికి పోతే మనవాళ్ళు మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడతారని ఒక అన్న భయం. అవతల మా సంఘం పాస్టరుగారికి ఇంకో భయం. 'ఉద్యమాలోళ్ళ మీటింగులో దేవుని మాటెందుకమ్మా' అన్నారు. విశ్వాసమంటే కళ్ళు మూసుకోవడమేనని ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకాయన అది చెడ్డదనుకుంటున్నాడు, ఇంకొకాయన మంచిదనుకుంటున్నాడు. తేడా అంతే. మా గూడెంలో నేను చూసిన విశ్వాసం నోరు తెరిపించింది. దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

మా నాయనమ్మ కూలి మనిషి. అక్షరం ముక్క రాదు. కూలిగింజల కోసం ఆసామి ఇంటికి పోతే పశువుల కొట్టం దాటి లోపలికి పోయేది కాదు. (చెప్పులే లేవు గనక విప్పి చేత పట్టుకునే బాధ తప్పింది.) ఏం అడిగినా 'అయ్యా', 'అట్టాగేనయ్యా'. ఆ వాకిట్లో ఆమె భాష మొత్తం ఆ రెండు మాటలే. అదే మనిషిని ఆదివారం చర్చిలో పాస్టరుగారు పేరు చివర 'గారు' చేర్చి పిలిచి, 'మీరు ప్రార్థన చేయండి' అనేవారు. ఊరు ఊరంతటిలో మా నాయనమ్మకు 'గారు' దక్కిన చోటు అదొక్కటే.

మా సంఘాల్లో ప్రార్థన పుస్తకం చూసి చదివేది కాదు. కంఠతా పట్టిన మంత్రం కాదు. మధ్యలో పూజారి లేడు. ఎవరి మాటల్లో వాళ్ళు చెయ్యాలి. మా నాయనమ్మ లేచి, ముసుగు సర్దుకుని, పది నిమిషాలు ఆగకుండా మాట్లాడేది. ముందు స్తుతి. తర్వాత గూడెంలో జబ్బుతో ఉన్నవాళ్ళ పేర్లు వరసబెట్టి. తర్వాత వానలు. ఆ తర్వాత అసలు సంగతి. ఫలానా పొలంలో మూడు దినాల కూలి ఎగ్గొట్టారు తండ్రీ, కుంచం నిండా కొలవలేదు తండ్రీ, నువ్వు చూస్తానే ఉన్నావు గదా తండ్రీ.

ఆ 'నువ్వు' ఉంది చూశారా, అక్కడ ఆగండి. ఆసామి ముందు తలెత్తడానికే జంకే మనిషి, ఆకాశాన్నీ భూమినీ చేసినవాణ్ణి పట్టుకుని నువ్వు అంటోంది. చూస్తా ఊరుకున్నావేమని నిలదీస్తోంది. వారానికొకసారి దేవుణ్ణి నిలదీసే అలవాటున్న మనిషికి ఏదో ఒక రోజు ఆసామి చిన్నగా కనపడక తప్పదు. మా నాయనమ్మకు ఆ రోజు రావడానికి చానా ఏళ్ళు పట్టింది. కానీ వచ్చింది. కొలత దగ్గర 'ఇంకో దోసెడు పడాలయ్యా' అన్నది. దోసెడు గింజలే గదా అనుకోకండి. ఆ మాట అనడానికి మా వంశంలో ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

మనం ఉపన్యాసం నేర్పడానికి శిక్షణ తరగతులు పెడతాం, చందాలు పోగుచేస్తాం, పుస్తకాలేస్తాం. మంచిదే. మా గూడెం ఆడవాళ్ళకు ఆ తరగతి వందేళ్ళ పైనుంచీ ప్రతి ఆదివారమూ జరుగుతూనే ఉంది. మతం మత్తుమందని ఒక్క ముక్కలో తేల్చేసే అన్నలు ఈ లెక్క చూడరు.

ఇది ఎక్కడ మొదలైందో మన ఒంగోలు ప్రాంతపు పిల్లలకు తెలియాలి. మా బడి పాఠ్యపుస్తకాల్లో ఇది ఉండదు. తాళ్ళకొండపాడు అనే ఊళ్ళో యర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఉండేవాడు. యోగమార్గం చెప్పే గురువుల దగ్గర కూర్చుని, తన ఆలోచన తాను చేసుకున్న మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. దొర వచ్చి చెప్పిందాకా మనవాళ్ళకు బుర్ర లేదనే మాట అబద్ధమని ఇక్కడే తేలిపోతోంది. పేరయ్యను ఎవరూ వెతుక్కుంటా రాలేదు, ఆయనే వెతుక్కుంటా పోయాడు. ఆయన చెప్పిన మాటలకే ఊళ్ళు కదిలాయి. మరుసటి ఏడు జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తాళ్ళకొండపాడు పోయేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

క్లౌ ఒంగోలులో బడి పెడితే మొదట వచ్చింది బ్రాహ్మణుల పిల్లలూ, పెద్ద కులాల పిల్లలూ. మాదిగలు సంఘంలో చేరడం మొదలయ్యేసరికి వాళ్ళు అడ్డం తిరిగారు. వాళ్ళుంటే మేముండం అన్నారు. దొరా దొరసానీ ఏం చెయ్యాలో తోచక, ఒకరికొకరు చెప్పుకోకుండానే వేరువేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని చెప్తారు. లోకం నీచులని పక్కన పెట్టినవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే చోటు అది. దాన్ని దేవుని మాట అనుకుంటారో, కాకతాళీయం అనుకుంటారో మీ ఇష్టం. ఆ రోజు తలుపు మాత్రం మన వైపు తెరుచుకుంది.

చేరేవాళ్ళకు చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చర్చిలో కూర్చుని వింటే ఇవి మతం నియమాలు. తీసుకుపోయి ఊళ్ళో పెట్టి చూడండి. ఏడో రోజు పనికి రామనడం అంటే వెట్టి మీద సమ్మె. జాతరకు మేం రామంటే డప్పు కొట్టేదెవరు? చచ్చిన గొడ్డు మాకొద్దంటే, మీ బతుకే అది అని ఊరు రాసిపెట్టిన రాత మాకొద్దన్నట్టు. కరణాలకు, రెడ్లకు ఈ సంగతి పాస్టర్ల కంటే ముందే అర్థమైంది. అందుకే పనులు ఆపారు, నీళ్ళు ఆపారు, కొట్టించారు. ఇవాళ మనం సాంఘిక బహిష్కరణ అంటున్నది అదే. అయినా నిలబడ్డారు. వాళ్ళకు ముందే ధైర్యం ఉండి నిలబడలేదు, నిలబడగా నిలబడగా ధైర్యం వచ్చింది.

తర్వాత 1876-78 కరువు. ధాత కరువంటారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మనవాళ్ళను కూటి కోసం మతం మారినవాళ్ళని ఎగతాళి చేసేవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. కరువు సాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏడాది తిరిగేలోగా తొమ్మిది వేలు దాటారు. ఆ రోజు ఏటిలో దిగి నిలబడింది తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులు మార్చుకుంటా పొద్దుగూకేదాకా ముంచి లేపారు. ముట్టుకుంటే మైలని ఊరన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని, పేరు అడిగి, ముంచి లేపారు.

అసలు కూటి కోసమే పోయారనుకుందాం. ఆకలేసినోడు కూడు దొరికే చోటికి పోతే సిగ్గుపడాల్సింది ఎవరు? కూడు లేకుండా చేసినోడా, పోయినోడా?

ఇక చదువు. నా సంగతి కొంచెం చెప్తాను, ఎక్కువ చెప్పను. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. మూడో తరగతికి వచ్చాక మా నాయన సాయంత్రం దీపం పెట్టి నా చేత బైబిలు చదివించేవాడు. ఆయనకు చదువు రాదు, కానీ వినడం వచ్చు. ఎక్కడన్నా ఒక మాట మింగేస్తే 'అక్కడేదో తప్పింది, మళ్ళీ చదువు' అనేవాడు. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. మన తెలుగు బైబిలు పాత గ్రాంథికం. ఆ 'చేసెను', 'యుండెను', 'నేలయనగా' చదివీ చదివీ పదో తరగతిలో పద్యాలు నాకు బరువనిపించలేదు. తోటి పిల్లలు ప్రతిపదార్థం అంటే హడలిపోతుంటే నాకు ఆశ్చర్యమేసేది. గుర్రం జాషువా పద్యం పట్టుకుంటే అంత పెద్ద పండితులు తలవంచారు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయనా వినుకొండ వెలివాడ నుంచి వచ్చిన బడిపంతులే గదా. ఈ మాట మా బడిలో పిల్లలకు ప్రతి ఏడూ చెప్తాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో సెమినారు చెప్పమన్నారు. నా వంతు వచ్చేసరికి లెక్చరరుగారు నా వైపు చూసి, 'నీవల్ల కాదులే, కూర్చో' అన్నారు. ఎందుకు కాదో ఆయన చెప్పలేదు, క్లాసులో అందరికీ తెలుసు. నేను కూర్చోలేదు. బల్ల దగ్గరికి పోయి చెప్పాల్సింది చెప్పే వచ్చాను. నాకేమన్నా పులి గుండె ఉందా? లేదు. పన్నెండేళ్ళకే యవ్వనస్తుల కూటంలో రెండొందల మంది ముందు నిలబడి వాక్యం చెప్పినదాన్ని, ముప్పై మంది ముందు కాళ్ళు వణకలేదు. అంతే.

ఇప్పుడు ముందు వరుసలోవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి. మీకు నచ్చని మాటలు కూడా ఉన్నాయి.

అంబేడ్కర్ క్రైస్తవంలోకి మారిన మనవాళ్ళ గురించి రాసిన వ్యాసాలు ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1989లో వచ్చిన ఆయన రచనల 5వ సంపుటిలో ఉన్నాయి. మతం మారినా కులం మారలేదని ఆయన చూశాడు. మారినవాళ్ళు తమ మీద జరిగే అన్యాయం మీద ఎందుకు తిరగబడరని అడిగాడు. మనిషి పడిపోవడానికి కారణం సమాజం కాదు, వాడి పాపమేనని చెప్పే బోధ దీని వెనుక ఉందన్నాడు. ఈ ప్రశ్నకు మన చర్చిలు ఇప్పటికీ జవాబు చెప్పలేదు. ఫలానాది మాల చర్చి, ఫలానాది మాదిగ చర్చి అని మనమే చెప్పుకుంటాం, సంబంధాలూ అట్లాగే చూసుకుంటాం. ఆడవాళ్ళ ప్రార్థన కావాలి, కానుకలు కావాలి, ఉపవాసాలు కావాలి. కమిటీలో మాత్రం కుర్చీ ఉండదు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ దిగులు పుట్టించేది వేరే ఉంది. మైకుల క్రైస్తవం వచ్చింది. పెద్ద స్టేజీ, లైట్లు, కోటు వేసుకున్న ఒక దైవజనుడు. కానుక వేస్తే పదింతలు తిరిగొస్తుందంటాడు, నూనె రాస్తే రోగం పోతుందంటాడు. రాత్రి పదకొండు దాకా ఆయనొక్కడే మాట్లాడతాడు. మా నాయనమ్మ లాంటి ఆడవాళ్ళు వేలమంది కింద కూర్చుని 'ఆమేన్', 'హల్లెలూయ' అంటారు. రెండే మాటలు. ఆసామి వాకిట్లో రెండు మాటలు, ఇక్కడా రెండు మాటలే. నూరేళ్ళు కష్టపడి తెచ్చుకున్న నోటిని ఒక మైకు లాక్కుపోతోంది. అది విశ్వాసం పెరగడమని నేను ఒప్పుకోను.

మనవాళ్ళ మరో అలవాటు సాక్ష్యం చెప్పడం. లేచి నిలబడి, నేను ఫలానా, నా బతుకు ఇట్లా ఉండేది, ఇట్లా మారింది అని అందరి ముందూ చెప్పుకోవడం. కోర్టులో చెప్పేదాన్ని కూడా సాక్ష్యమనే అంటాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపారు. రెండు చోట్లా ఆదివారం చర్చికి పోయే జనమే ఎక్కువ. కారంచేడు మాదిగలు ఆ ఊరికి తిరిగిపోం అని చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. చుండూరు మాలలు తమ శవాలను ఊరి నడిమధ్య పూడ్చి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. హంతకుల వర్గం వీధి చివర కూర్చుని చూస్తుండగా పోయి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ తీర్పు చెప్పిన న్యాయం సంగతి మీకు తెలుసు. సాక్ష్యం చెప్పినవాళ్ళు మాత్రం తమ పని తాము చేశారు.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఇది మాట్లాడకుండా క్రైస్తవులకు ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం చెప్పడం దొంగతనం.

జూన్ నెలలో నేను అడ్మిషన్ రిజిస్టరు రాస్తాను. పిల్ల పేరు జ్యోతి అంటారు, తల్లి పేరు సువార్తమ్మ అంటారు. మతం కాలం దగ్గరికి వచ్చేసరికి తల్లి గొంతు తగ్గిపోతుంది. అటూ ఇటూ చూసి 'హిందూ అని రాయండి టీచరమ్మా' అంటుంది. పది నిమిషాల ప్రార్థన గడగడా చేసే నోరు ఆ ఒక్క గడి దగ్గర గుసగుస అయిపోతుంది. ఎందుకు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా అట్లా చేసింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుణ్ణి, ముస్లిమును బయటే ఉంచారు. మన రాష్ట్రంలో మనకిచ్చింది బీసీ-సి, 1 శాతం. 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. 2022లో కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. కమిషన్ల మీద కమిషన్లు. 2025లో మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడికి 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని చెప్పింది. అంటే నన్ను కులం పేరు పెట్టి తిట్టినవాడి మీద కేసు పెట్టాలంటే ముందు నా మతం తేలాలి. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు గదా.

మా నాయన దాపరికం ఒప్పుకోలేదు. నా సర్టిఫికెట్ బీసీ-సి. ఆ ఒక్క శాతంలోనే కొట్టుకున్నాను. రెండు డీఎస్సీలు పోయి మూడోదాంట్లో ఉద్యోగం వచ్చింది. నాతో చదివి, నాతోపాటు అదే చర్చిలో పాటలు పాడిన వాళ్ళు ఎస్సీ సర్టిఫికెట్ మీద నాకంటే ముందు చేరారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మా నాయన మొండితనం మంచిదని అందరి నెత్తినా రుద్దను. ఆ తల్లి హిందూ అని రాయమంటే అదే రాస్తాను. అబద్ధం ఆమెది కాదు, ఢిల్లీలో రాసిన ఆ పేరాది. 'మీరు దేవుణ్ణి దాచుకుంటున్నారు' అని స్టేజీల మీద ఆమెను తిట్టే పాస్టర్లను ఒక్కటే అడుగుతున్నా: ఆ పేరా తీసేయమని మీరు ఎన్నిసార్లు కలెక్టరేటు ముందు కూర్చున్నారు?

చివరగా మా గూడెం సంగతి. పోయిన ఏడు మా సమాధుల తోటకు పోయే దారికి పక్క రైతు కంచె వేశాడు. శవాన్ని పొలం గట్ల మీద మోసుకుపోవాల్సి వచ్చింది. మగవాళ్ళు రెండుసార్లు అర్జీ ఇచ్చారు, కదల్లేదు. అప్పుడు మా స్త్రీల సమాజం నుంచి పదిహేను మంది సోమవారం గ్రీవెన్సుకు తాసీల్దారు ఆఫీసుకు పోయారు. నేను సెలవు పెట్టి వెంట పోయాను. నేను మాట్లాడాల్సిన పనే పడలేదు. యాభై ఐదేళ్ళ ఒక అక్క, మిరపకాయ కోతలకు పోయే మనిషి, లేచి నిలబడింది. సరిగ్గా ప్రార్థన చేసినట్టే చేసింది. ముందు ఆయన్నీ, ఆయన పిల్లల్నీ దీవించింది. తర్వాత ఆ ఏడు చనిపోయినవాళ్ళ పేర్లు వరసబెట్టి చెప్పింది. ఆ తర్వాత కంచె సంగతి, కొలతలతో సహా. ఆయన 'సరేనమ్మా, చూస్తాం' అని ఫైలు మూయబోయాడు. 'నేనింకా ఆమేన్ అనలేదయ్యా' అన్నది. ఆఫీసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా ఫైలు మళ్ళీ తెరిచాడు.

సర్వేయరు వచ్చి కొలిచాడు. రాళ్ళు పాతారు. కంచె ఇంకా తియ్యలేదు. రేపు కాక పై సోమవారం మళ్ళీ పోతున్నాం. పక్క గూడేలవాళ్ళు, మాలలైనా మాదిగలైనా, చర్చికి పోయేవాళ్ళైనా పోనివాళ్ళైనా రండి. పది గంటలకు ఆఫీసు గేటు కాడ చింతచెట్టు కింద కలుద్దాం. అర్జీ నేను రాసి తెస్తాను. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు. మాట్లాడేది మాత్రం ఆ అక్కే.